గర్భిణిని డాక్టరు అడిగే ఆ ఒక్క ప్రశ్న

కడుపులో ఉండగా సోకిన మద్యం ప్రభావం బిడ్డకు జీవితాంతం ఉంటుంది.. ముందే తెలిస్తే పూర్తిగా నివారించవచ్చు

ఫ్రిస్కో (టెక్సాస్): ‘ఆల్కహాల్ తీసుకుంటారా?’ అమెరికాలో గర్భిణి మొదటిసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు నింపే ఫారంలో సాధారణంగా కనిపించే ప్రశ్న ఇది. మన తెలుగు కుటుంబాల్లో చాలామంది క్షణం ఆలోచించకుండా ‘లేదు’ అని టిక్ పెట్టేస్తారు. అలవాటు లేనివారికి ఆ సమాధానంతో చిక్కేమీ లేదు. కానీ అప్పుడప్పుడూ వైను తాగే అమ్మాయి, పక్కన అత్తగారు కూర్చుని ఉండగా ‘అవును’ అని రాయగలదా? ఆ ఒక్క టిక్కు వెనుక బిడ్డ మెదడుకు, చదువుకు, రేపటి బతుకుకు సంబంధించిన సంగతి ఉందని ఆమెకు ఎవరైనా ముందుగా చెప్పారా?

2000లో 33 వేల పైచిలుకు జనాభా ఉన్న ఫ్రిస్కో 2020 జనగణన నాటికి 2 లక్షలు దాటింది. ఈ ఎదుగుదలలో తెలుగువారి పాత్ర ఎంతో కార్యసిద్ధి హనుమాన్ ఆలయం దగ్గర రద్దీ చూస్తే తెలిసిపోతుంది. ఊరితో పాటు అలవాట్లూ మారాయి. ఆఫీసు హ్యాపీ అవర్, టీమ్ డిన్నర్, స్నేహితుల ఇంట్లో పుట్టినరోజు పార్టీ.. ఆడవాళ్ల చేతిలో వైను గ్లాసు ఇప్పుడు వింతేమీ కాదు. అది ఎవరి ఇష్టం వారిది. దాని తప్పొప్పులు ఎంచడం ఈ కథనం ఉద్దేశం కాదు. అలవాటు మన ఇళ్లలోకి వచ్చింది గానీ, దాని గురించి దాపరికం లేకుండా మాట్లాడుకోవడం ఇంకా రాలేదు. సమస్యంతా అక్కడే ఉంది.

మన దృష్టిలో మద్యం ఎప్పుడూ మగవాళ్ల వ్యవహారమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాపై తిరగబడినప్పటి నుంచి, తాగే భర్త వల్ల ఇల్లాలు పడే కష్టం గురించి ఎంతో మాట్లాడుకున్నాం. తాగేది ఆమే అయితే, అదీ తాను గర్భవతినని తెలియకముందు అయితే ఏం చేయాలన్న మాట మాత్రం మన ఇళ్లలో వినపడదు.

సీసా మీదే రాసి ఉన్న హెచ్చరిక

గర్భిణి మద్యం తాగితే బిడ్డకు హాని అన్నది కొత్తగా కనిపెట్టిన విషయం కాదు. ఫ్రాన్స్‌లోని నాంట్ నగరంలో పిల్లల వైద్యుడు పాల్ లెమ్వాన్ 1968లోనే మద్యం అలవాటున్న తల్లిదండ్రుల పిల్లలు 127 మందిని పరిశీలించి, వారిలో కనిపించిన పోలికలను నమోదు చేశారు. అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1973లో సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ వైద్యులు కెన్నెత్ జోన్స్, డేవిడ్ స్మిత్ ఇవే లక్షణాలను ‘లాన్సెట్’ వైద్య పత్రికలో వివరించి, ‘ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. అప్పటి నుంచి వైద్య ప్రపంచం మేలుకుంది.

1981లో అమెరికా సర్జన్ జనరల్ గర్భిణులకు తొలి హెచ్చరిక జారీ చేశారు. 1988లో కాంగ్రెస్ చట్టం చేసింది. అందుకే ఇక్కడ కొనే ప్రతి బీరు, వైను, విస్కీ సీసా మీద గర్భిణులు మద్యం తాగితే పుట్టే బిడ్డకు లోపాలు రావచ్చన్న హెచ్చరిక ఉంటుంది. 2005లో సర్జన్ జనరల్ మరింత స్పష్టంగా చెప్పారు. గర్భంతో ఉన్నవారే కాదు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారూ మద్యం పూర్తిగా మానేయాలన్నది ఆ మాట. భారత్‌లో 2019 నుంచి సీసాల మీద తప్పనిసరి చేసిన హెచ్చరికలో మద్యం ఆరోగ్యానికి హానికరమని, తాగి వాహనం నడపవద్దని ఉంటుంది. గర్భిణుల ప్రస్తావన అందులో లేదు. అక్కడి నుంచి వచ్చిన మనలో చాలామందికి ఈ సంగతి తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు.

బిడ్డ దాకా ఎలా చేరుతుంది?

తల్లి తాగిన మద్యం మాయను దాటుకుని బిడ్డ రక్తంలోకి వెళ్తుంది. కాసేపట్లోనే తల్లి రక్తంలో ఎంత ఉందో బిడ్డ రక్తంలోనూ దాదాపు అంతే ఉంటుంది. పెద్దవాళ్లలో మద్యాన్ని కరిగించి బయటికి పంపే పని కాలేయానిది. కడుపులో బిడ్డ కాలేయం ఇంకా ఆ పనికి సిద్ధమై ఉండదు. పైగా మద్యం ఉమ్మనీటిలోకీ చేరుతుంది. బిడ్డ ఆ నీటినే మింగుతూ ఉంటుంది.

ఏ మద్యమైనా ఒకటే. అమెరికా లెక్క ప్రకారం ఒక ‘డ్రింక్’లో సుమారు 14 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాల్ ఉంటుంది. 355 మిల్లీలీటర్ల బీరు, 150 మిల్లీలీటర్ల వైను, 45 మిల్లీలీటర్ల విస్కీ.. ఈ మూడింటిలోనూ ఉండేది ఇంచుమించు అంతే. ‘వైనే కదా, పళ్ల రసమే కదా’ అనుకోవడానికి లేదు.

అసలు ముప్పు ఎవరూ గమనించని రోజుల్లో ఉంటుంది. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే నాడీనాళం గర్భం నిలిచిన 28 రోజులకే మూసుకుంటుంది. నెల తప్పిందని గమనించి, ఇంట్లో పరీక్ష చేసుకునేసరికి ఆ పని సగం దాటి ఉంటుంది. డాక్టరు దగ్గరికి తొలి విజిట్ సాధారణంగా 8వ వారం దగ్గర పడుతుంది. అమెరికాలో దాదాపు సగం గర్భాలు ముందుగా అనుకోకుండా వచ్చేవే. అంటే డాక్టరు ఫారంలో ప్రశ్న ఎదురయ్యే నాటికే కొన్ని వారాలు గడిచిపోయి ఉంటాయి. పిల్లల కోసం ప్రయత్నం మొదలుపెట్టిన నెల నుంచే మానేయాలని చెప్పడం ఇందుకే.

ముఖం చూసి చెప్పలేం

మద్యం వల్ల కలిగే లోపాలన్నిటినీ కలిపి ఇప్పుడు ‘ఫీటల్ ఆల్కహాల్ స్పెక్ట్రమ్ డిజార్డర్స్’, పొట్టిగా ‘ఎఫ్‌ఏఎస్‌డీ’ అంటున్నారు. వీటిలో తీవ్రమైన రూపమే 1973లో పేరు పెట్టిన సిండ్రోమ్. కళ్లు చిన్నవిగా ఉండటం, ముక్కుకూ పై పెదవికీ మధ్య ఉండే గాడి నునుపుగా మారిపోవడం, పై పెదవి సన్నగా ఉండటం, ఎదుగుదల తగ్గడం దాని గుర్తులు. అయితే ఎఫ్‌ఏఎస్‌డీ ఉన్న పిల్లల్లో ఎక్కువ మందికి ముఖంలో ఏ తేడా కనిపించదు. ముఖం రూపుదిద్దుకునేది తొలి వారాల్లో. మెదడు మాత్రం తొమ్మిది నెలలూ ఎదుగుతూనే ఉంటుంది. అందుకే చూడటానికి చక్కగా ఉన్న బిడ్డలోనూ మెదడుకు దెబ్బ తగిలి ఉండవచ్చు.

ఇది అరుదైన జబ్బేమీ కాదు. అమెరికాలోని నాలుగు ప్రాంతాల్లో ఒకటో తరగతి పిల్లలను పరిశీలించిన అధ్యయనం 2018లో ‘జామా’ పత్రికలో వచ్చింది. తక్కువలో తక్కువ లెక్క వేసినా ప్రాంతాన్ని బట్టి నూటికి ఒకరి నుంచి ఐదుగురి వరకు పిల్లల్లో ఎఫ్‌ఏఎస్‌డీ ఉన్నట్లు అందులో తేలింది. వారిలో దాదాపు అందరికీ అప్పటిదాకా ఏ డాక్టరూ ఆ మాట చెప్పలేదు.

వయసుతో పోదు

పసితనంలో సరిగా నిద్రపోకపోవడం, పాలు పట్టడం కష్టం కావడం, చిన్న శబ్దానికే ఉలిక్కిపడటం కనిపించవచ్చు. అప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోరు. బడికి వెళ్లాక అసలు చిక్కులు బయటపడతాయి. నిన్న గడగడా అప్పజెప్పిన ఎక్కం ఇవాళ గుర్తుండదు. లెక్కలు, డబ్బు, గడియారంలో సమయం.. ఈ మూడూ ప్రత్యేకంగా ఇబ్బంది పెడతాయి. మూడు పనులు వరుసగా చెబితే మొదటిదే చేసి ఆగిపోతారు. ఒకసారి చేసిన తప్పు నుంచి పాఠం నేర్చుకోవడం కష్టమవుతుంది. చేతికి అందినది తీసేసుకుంటారు, నోటికి వచ్చింది అనేస్తారు.

ఇలాంటి పిల్లల్లో చాలామంది గలగలా మాట్లాడతారు. అందరితో ఇట్టే కలిసిపోతారు. అదే వారికి చేటు చేస్తుంది. ఇంత బాగా మాట్లాడేవాడికి చెప్పింది అర్థం కాకపోవడం ఏమిటని పెద్దలు అనుకుంటారు. ఐక్యూ పరీక్షలోనూ చాలామంది మామూలుగానే తేలతారు. కాబట్టి బద్ధకం, పొగరు, పెంపకం లోపం అన్న ముద్రలు పడతాయి. మ్యాథ్ ఒలింపియాడ్‌లు, స్పెల్లింగ్ బీల మధ్య పెరిగే మన పిల్లల్లో ఒకరు ఇలా ఉంటే ఆ ఇంట్లో రోజూ యుద్ధమే. చాలామందికి ఏడీహెచ్‌డీ కూడా ఉంటుంది. డాక్టర్లు అక్కడితో ఆగిపోతే అసలు కారణం మరుగునే ఉండిపోతుంది.

సియాటిల్‌కు చెందిన పరిశోధకురాలు ఆన్ స్ట్రైస్‌గుత్ ఈ సమస్య ఉన్న 415 మందిని పరిశీలించి 1996లో నివేదిక ఇచ్చారు. వారిలో నూటికి 90 మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్య ఎదుర్కొన్నారు. పన్నెండేళ్లు దాటినవారిలో సుమారు 60 శాతం మంది బడి నుంచి సస్పెండ్ కావడమో, బయటికి పంపబడటమో, మధ్యలో మానేయడమో జరిగింది. దాదాపు అంతే శాతం మంది చట్టంతో చిక్కుల్లో పడ్డారు. పదహారేళ్లకే కారు తాళం, ఆ వెంటనే క్రెడిట్ కార్డు చేతికొచ్చే దేశంలో, ఎవరేం చెప్పినా నమ్మేసే యువకుడికి ఎన్ని ప్రమాదాలో తల్లిదండ్రులకు వేరే చెప్పనక్కర్లేదు.

అయితే అదే పరిశోధన ఒక ఆశనూ చూపించింది. చిన్న వయసులోనే, ముఖ్యంగా ఆరేళ్లలోపు సమస్యను గుర్తించిన పిల్లలు, నిలకడగా ప్రేమ దొరికే ఇంట్లో పెరిగిన పిల్లలు పెద్దయ్యాక ఇలాంటి కష్టాల్లో తక్కువగా పడ్డారు. మెదడుకు జరిగిన నష్టాన్ని పోగొట్టే మందు లేదు. త్వరగా తెలుసుకుంటే మాత్రం జీవితం దారి మళ్లించవచ్చు. త్వరగా తెలియాలంటే డాక్టరుకు నిజం తెలియాలి. గర్భంలో ఉండగా మద్యం సోకిందన్న సమాచారం లేకపోతే, ముఖంలో గుర్తులు లేని బిడ్డలో ఈ సమస్యను నిర్ధారించడం చాలా కష్టం.

‘కొంచెం అయితే ఫర్వాలేదట కదా?’

స్నేహితుల మధ్య తరచూ వినిపించే మాట ఇది. దీనికి ఆధారం లేకపోలేదు. డెన్మార్క్‌లో ఐదేళ్ల పిల్లలపై చేసి 2012లో ప్రచురించిన పరిశోధనల్లో, వారానికి కొద్ది డ్రింకులు తాగిన తల్లుల పిల్లల తెలివితేటల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మరోవైపు అమెరికాలో తొమ్మిది, పదేళ్ల వయసున్న 9,719 మంది పిల్లల వివరాలను సిడ్నీ యూనివర్సిటీ పరిశోధకులు విశ్లేషించారు. 2020లో వచ్చిన ఆ ఫలితాల్లో, తక్కువ మోతాదులో మద్యం సోకిన పిల్లల్లోనూ ఆందోళన, ఏకాగ్రత లోపం, దూకుడు కొంత ఎక్కువగా కనిపించాయి.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే అర్థమయ్యేది ఏమిటంటే, ఎక్కువ తాగితే ఎక్కువ ముప్పు అన్నది ఖాయం. ఇంతవరకు భద్రం అని గీత గీయడం మాత్రం ఎవరి వల్లా కాలేదు. తల్లి శరీర తత్వం, తినే తిండి, జన్యువులు, ఏ వారంలో తాగింది అన్నదాన్ని బట్టి ఒకే మోతాదు ఒక బిడ్డను వదిలేసి మరో బిడ్డను దెబ్బతీయవచ్చు. ఐదేళ్లకు కనిపించని లోపం, చదువు బరువు పెరిగే పదేళ్లకు బయటపడవచ్చు. అందుకే వైద్యుల మాట ‘సున్నా’. తొమ్మిది నెలలు మానేస్తే పోయేది ఏమీ లేదు.

నాన్నకూ పాత్ర ఉంది

నింద మొత్తం తల్లి మీదే వేయడం మన అలవాటు. టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో మైకేల్ గోల్డింగ్ బృందం ఎలుకలపై చేసిన ప్రయోగాల్లో, గర్భం రాకముందు మగ ఎలుకకు మద్యం ఇచ్చినా పిల్లల తల, ముఖం ఎదుగుదలలో తేడాలు కనిపించాయి. మనుషుల్లో ఇది ఇంకా తేలాల్సి ఉంది. అయినా పిల్లల కోసం ప్రయత్నిస్తున్న భర్త కూడా గ్లాసు పక్కన పెట్టడానికి ఇది చాలు. భర్త తాగుతూ ఉంటే భార్య మానేయడం కష్టమన్నది అందరికీ తెలిసిందే. విందుల్లో ‘ఏంటి, ఇవాళ తాగట్లేదేం? విశేషమా?’ అని ఆటపట్టించే స్నేహితులూ ఒకసారి ఆలోచించాలి. ఇంకా ఎవరికీ చెప్పుకోని అమ్మాయి ఆ ప్రశ్న తప్పించుకోవడానికే గ్లాసు పట్టుకునే అవకాశం ఉంది.

పురుటికి వచ్చే పెద్దవాళ్లతోనూ మాట్లాడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మహిళల్లో 6.7 శాతం మంది మద్యం తీసుకుంటారు. పల్లెల్లో ఇది ఇంకా ఎక్కువ. కల్లు ఒంటికి చలువ అన్న నమ్మకం అక్కడ బలంగా ఉంది. చెట్టు నుంచి దించిన వెంటనే ఉండే నీరా వేరు, పులిసిన కల్లు వేరు. పులిస్తే అందులో ఆల్కహాల్ ఉన్నట్లే. జలుబుకు చెంచాడు బ్రాండీ ఇచ్చే చిట్కా కూడా గర్భిణి విషయంలో పనికిరాదు.

ఫ్రిస్కోలో సాయం ఎక్కడ?

మూడేళ్లలోపు బిడ్డ ఎదుగుదలపై అనుమానం ఉంటే టెక్సాస్ ప్రభుత్వ ‘ఎర్లీ చైల్డ్‌హుడ్ ఇంటర్వెన్షన్’ కార్యక్రమాన్ని సంప్రదించవచ్చు. దీన్నే ఈసీఐ అంటారు. డాక్టరు చీటీ అక్కర్లేదు, తల్లిదండ్రులే అడగవచ్చు. బిడ్డను పరీక్షించినందుకు రుసుము ఉండదు. 2-1-1కు ఫోన్ చేస్తే దగ్గరలోని కేంద్రం వివరాలు చెబుతారు.

మూడేళ్లు నిండాక ఆ బాధ్యత స్కూల్ డిస్ట్రిక్ట్‌ది. ఫ్రిస్కో ఐఎస్‌డీ పరిధిలో ఉన్నవారు పిల్లవాడిని పరీక్షించమని రాతపూర్వకంగా అడగాలి. టెక్సాస్ నిబంధనల ప్రకారం 15 స్కూలు పనిదినాల్లో బడి జవాబు ఇవ్వాలి. తల్లిదండ్రులు అంగీకారం తెలిపాక సాధారణంగా 45 స్కూలు పనిదినాల్లో పరీక్షలు పూర్తిచేయాలి. తర్వాత ‘ఏఆర్‌డీ’ కమిటీ సమావేశంలో తల్లిదండ్రులతో కలిసి ప్రత్యేక ప్రణాళిక తయారు చేస్తారు. ఫెడరల్ చట్టంలో ఎఫ్‌ఏఎస్‌డీకి విడిగా వర్గం లేదు. కాబట్టి ‘ఇతర ఆరోగ్య లోపం’ వంటి వర్గాల కింద అడగాల్సి వస్తుంది. ఇంగ్లిష్ ఇబ్బందిగా ఉంటే దుబాసీని కోరవచ్చు.

ఇంట్లోనూ చేయగలిగింది చాలా ఉంది. ఒకసారి ఒకే పని, చిన్న మాటల్లో చెప్పండి. రోజూ అదే వేళకు అదే పని ఉండేలా చూడండి. స్నానం, హోంవర్క్, నిద్ర.. వరుసను బొమ్మలతో గోడ మీద అతికించండి. మరిచిపోతే కొట్టకుండా, తిట్టకుండా మళ్లీ చెప్పండి. కావాలని చేయడం లేదు, చేతకాక ఆగిపోతున్నాడు అని ఇంట్లో అందరికీ, ముఖ్యంగా తాతయ్య, నానమ్మలకు అర్థమయ్యేలా వివరించండి.

సందేహాలు - సమాధానాలు

గర్భం అని తెలియక ఒకటి రెండుసార్లు తాగాను. ఇప్పుడేం చేయాలి?
కంగారు పడవద్దు. ఈ రోజే ఆపేయండి. మెదడు చివరి నెల వరకు ఎదుగుతూనే ఉంటుంది కాబట్టి ఎప్పుడు మానినా బిడ్డకు మేలే. ఎప్పుడు, ఎంత తాగారో డాక్టరుకు చెప్పండి. బిడ్డ పుట్టాక పిల్లల డాక్టరుకూ చెప్పండి. ఒక్క భయంతో గర్భం గురించి తొందరపాటు నిర్ణయాలు తీసుకోవద్దు.

అత్తగారి ముందు చెప్పలేకపోతున్నా.
డాక్టరుతో ఒంటరిగా మాట్లాడాలని అడగండి. అది మామూలు విషయమే, కారణం చెప్పనక్కర్లేదు. ఆన్‌లైన్ పోర్టల్‌లో సందేశం పంపినా సరిపోతుంది. ఆ పోర్టల్ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి.

రోజూ తాగే అలవాటు ఉంది. ఒక్కసారిగా మానేయవచ్చా?
సొంతంగా వద్దు. ఎక్కువగా అలవాటైనవారు హఠాత్తుగా మానేస్తే ఫిట్స్ వంటి ప్రమాదాలు ఉంటాయి. డాక్టరు పర్యవేక్షణలో మానాలి. సంసా జాతీయ హెల్ప్‌లైన్ 1-800-662-4357కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. పేరు చెప్పాల్సిన పని లేదు.

నాన్ ఆల్కహాలిక్ బీరు, కొంబుచా తాగవచ్చా?
అమెరికాలో ‘నాన్ ఆల్కహాలిక్’ అన్న బీరులో 0.5 శాతం వరకు ఆల్కహాల్ ఉండవచ్చు. కొంబుచాలోనూ కొద్దిగా ఉంటుంది. మానేయడమే మేలు. పార్టీలో చేతిలో గ్లాసు ఉండాలనుకుంటే నిమ్మరసం, సోడా చాలు.

మందులు, మద్యం గురించి గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఉచితంగా సలహా ఇచ్చే సేవ ‘మదర్ టు బేబీ’. ఫోన్: 1-866-626-6847.

ఏటా సెప్టెంబర్ 9న ప్రపంచవ్యాప్తంగా ఎఫ్‌ఏఎస్‌డీ అవగాహన దినం జరుపుతారు. తొమ్మిదో నెల తొమ్మిదో తేదీ ఎంచుకున్నది గర్భంలోని తొమ్మిది నెలలకు గుర్తుగా. ఈసారి మన తెలుగు సంఘాలు వినాయక చవితి ఏర్పాట్ల మధ్య ఒక గంట దీనికి కేటాయించి, ఓ ప్రసూతి వైద్యురాలిని, ఓ పిల్లల డాక్టరును పిలిచి తెలుగులో మాట్లాడిస్తే బాగుంటుంది. పెళ్లయిన కొత్త జంటలు, పురుటికి వచ్చిన అమ్మలు, అత్తగార్లు ఒకేచోట కూర్చుని వింటే, ఇంట్లో ఎవరూ ఎత్తని మాట మొదలవుతుంది. మందు లేని ఈ సమస్యకు ఆ మాటే మొదటి రక్షణ.